మియావో వెండి అని కొన్నాను, మా ఆచారి గారు వెండి కాదన్నారు

గోదారి_గట్టు
మా వారికి చైనాలో, షెన్‌జెన్‌లో ఉద్యోగం. ఏప్రిల్‌లో నేనూ మా అమ్మాయీ వెళ్ళినప్పుడు నాలుగు రోజులు గుయ్‌జౌ ప్రావిన్స్ తిరిగాం. షీజియాంగ్ అనే ఊరు చూశాం, మియావోలనే కొండజాతి వాళ్ళది. కొండ వాలంతా చెక్క ఇళ్ళు, వెయ్యి గడపల ఊరని పేరు. అక్కడ ఒక కొట్లో కంటె కొన్నాను. మెలి తిప్పిన లావు కమ్మీ, ముందు తాళంకప్ప ఆకారంలో బిళ్ళ, దాని కింద వేలాడే చిన్న చిన్న గంటలు, సీతాకోకచిలుకలు. 620 యువాన్లు. కొట్టు ఆవిడ పదిసార్లు "మియావో యిన్, మియావో యిన్" అంది. యిన్ అంటే వెండి అని మా వారు చెప్పారు.

రాజమండ్రి వచ్చాక మెరుగు పెట్టిద్దామని మా ఆచారి గారికి ఇచ్చాను. గీటురాయి మీద గీసి యాసిడ్ చుక్క వేశారు. ఆకుపచ్చగా పొంగింది. "అమ్మా, ఇందులో వెండి లేదు" అన్నారు. కడుపు మండిపోయింది. డబ్బు సంగతి సరే, అమ్మాయి పెళ్ళికి దాచాలని కొన్నాను. అంత పేరున్న మియావో వెండి అంటే ఇదేనా, ఈ రేకేనా? తెలిసినవాళ్ళు చెప్పండి.

అక్కడే ఒక ముసలావిడ దగ్గర కుట్టుపని గుడ్డ ముక్క కూడా తీసుకున్నా, జానెడున్నర ఉంటుంది. దాని సంగతి తర్వాత అడుగుతా.

సీతాఫలం
620 యువాన్లంటే మన లెక్కలో ఏడు వేలు దాటింది. మీరు చెప్పిన సైజు కంటె నిజం వెండిలో ఆ ధరకి ఎక్కడొస్తుందండీ?

గోదారి_గట్టు
@సీతాఫలం ఊరి మధ్యలో, వాళ్ళ దగ్గరే కొంటున్నాం కదా, చవగ్గా వస్తుందేమో అనుకున్నా.

కమ్మచ్చు
మాది కరీంనగర్, వెండి తీగ పని చేసే ఇల్లు. ఇది చదివి ఊరుకోలేకపోయాను.

మియావో యిన్ అన్నది బజారు పేరు. పర్యాటకుల కొట్లలో ఆ పేరుతో అమ్మేది ఎక్కువగా రాగి, నికెల్, జింకు కలిపిన తెల్లటి మిశ్రమం. దాన్ని చైనాలో తెల్ల రాగి అంటారు. కొన్నిటికి పైన వెండి పూత ఉంటుంది, కొన్నిటికి అదీ ఉండదు. యాసిడ్ వేస్తే ఆకుపచ్చ రంగు వచ్చిందంటే రాగి ఉన్నట్టే. మీ ఆచారి గారు చెప్పింది నిజం.

ఇంకో మాట. మన పెళ్ళిళ్ళలో రిటర్న్ గిఫ్టులుగా పంచే జర్మన్ సిల్వర్ కుంకుమ భరిణెలు, పళ్ళేలు కూడా దాదాపు ఇదే లోహం. ఆ తెల్ల రాగి 18వ శతాబ్దంలో చైనా నుంచి యూరప్‌కి వెళ్ళింది. 1820ల్లో జర్మనీవాళ్ళు దాన్ని తామే తయారు చేయడం నేర్చుకున్నారు, అందుకే ఆ పేరు. మన బీరువాల్లో ఉన్న 'జర్మన్' సిల్వర్ పుట్టిల్లు చైనా.

బుల్లి_రాజు
మా ఇంట్లో అలాంటివి పద్దెనిమిది భరిణెలున్నాయి. అన్నీ చైనావని ఇవాళ తెలిసింది.

వేపచెట్టు
@కమ్మచ్చు అన్నా, బజారు పేరు అని తేలిగ్గా అనేశారు. వెండి కానిదాన్ని వెండి అని పేరు పెట్టి అమ్మితే అది మోసం. జర్మన్ సిల్వర్ అమ్మేవాడు వెండి కాదని మనకి తెలుసు, మనమూ తెలిసే కొంటాం. పాపం ఈవిడకి ఎవరు చెప్పారు?

కమ్మచ్చు
మోసం కాదని నేను అనలేదు తమ్ముడూ. చెప్పి అమ్మాలి. కానీ "మియావో వెండి అంటే ఇదేనా" అని అక్క అడిగింది చూడు, దానికి మాత్రం కాదనే చెప్తా. లెయ్‌షాన్, తైజియాంగ్ కొండల్లో తరతరాలుగా వెండి కొట్టే ఊళ్ళు ఉన్నాయి. కోంగ్‌బాయ్ అయితే కంసాలుల ఊరని పేరు. వాళ్ళ పనిని 2006లో చైనా ప్రభుత్వం జాతీయ వారసత్వ కళల జాబితాలో చేర్చింది. ఒక వీడియోలో వాళ్ళు తీగ లాగడం చూశాను. ఒకదాని కన్నా ఒకటి సన్నంగా కన్నాలున్న ఇనప పలక, అందులోంచి కమ్మీని లాగుతూ పోతే చివరికి వెంట్రుకంత తీగ. మా తాత కమ్మచ్చు కూడా అచ్చం అదే. నా హ్యాండిల్ పేరు అందుకే పెట్టుకున్నా. ఆ తీగని రెండు పేటలు మెలేసి, చదును చేసి, పువ్వు రేకులో కూర్చి, పొడి టంకం చల్లి ఊదుగొట్టంతో ఊదుతారు. ఊపిరి కాస్త ఎక్కువైతే రేకు కరిగి ముద్దవుతుంది. ఆ చేతుల పనిని రేకు అనకండి, బాధగా ఉంటుంది.

గోదారి_గట్టు
అయ్యో, ఆ ఉద్దేశంతో అనలేదండీ. కోపంలో రాసేశా.

గ్వాంగ్‌జౌ_గిరి
ఇక్కడ పదకొండేళ్ళుగా ఉంటున్నా. ఈసారి కొనేవాళ్ళ కోసం చెప్తున్నా. అసలు వెండి అయితే లోపలి వైపు చిన్న ముద్ర ఉంటుంది, 925 అనో 990 అనో 999 అనో. తూకం వేసి గ్రాముల లెక్కన ధర చెప్తారు, మజూరి విడిగా. తూకం ఊసెత్తకుండా వస్తువుకి ఇంత అని చెప్తే, ముద్ర లేకపోతే, అది తెల్ల రాగే అనుకోండి. ఇంకోటి, మియావో యిన్ అనకుండా "చున్ యిన్" అంటే స్వచ్ఛమైన వెండి, ఆ మాట అడిగి రసీదు మీద రాయించుకోండి.

చందన_బొమ్మ
మా చెల్లి ఇలాంటిదే చెవులకి పెట్టుకుని తమ్మెలు వాచి పది రోజులు బాధపడింది. నికెల్ అందరికీ పడదు. మీ అమ్మాయికి ఒంటిమీద వెయ్యకండి అక్కా.

నీలిబాన
ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. ఆ కొండల్లో చెప్పుకోదగ్గ వెండి గనుల్లేవు. మరి అంత వెండి ఎక్కడిది? కలప నుంచి. మింగ్, చింగ్ రాజుల కాలంలో చింగ్‌ష్వెయ్ నది మీద దేవదారు లాంటి ఫర్ దుంగలు తెప్పలు కట్టి కిందికి పంపేవాళ్ళు. జిన్‌పింగ్ (ఊరి పేరే, మనిషి పేరు కాదు) దగ్గర బేరం. మైదానం వ్యాపారులు వెండి ఇచ్చేవాళ్ళు. మియావోలు, వాళ్ళ పక్కనే ఉండే దోంగ్ జాతివాళ్ళు దాన్ని పెట్టెలో పెట్టి భూమిలో పాతలేదు, కరిగించి కూతురి ఒంటికి వేశారు. తర్వాత రోజుల్లో వెండి నాణేలు కరిగించారు. కొండ మీది అడవి కూతురి మెడలో కంటె అయింది. అందుకే నదికి దగ్గరున్న షీదోంగ్ వైపు ఆడవాళ్ళ ఒంటి మీద వెండి ఎక్కువ. ఎగువన చాలా మియావో ఊళ్ళలో వెండి కొద్దిగానే ఉంటుంది, కుట్టుపని, బాతిక్ పని ఎక్కువ.

బుల్లి_రాజు
అంటే మన రైతులు పంట డబ్బుతో బంగారం కొన్నట్టే.

నీలిబాన
దాదాపు అంతే. కానీ మనం బంగారాన్ని తాకట్టు పెడతాం, వాళ్ళు అంత తేలిగ్గా వెండిని కదిలించరు.

తండా_టీచర్
@నీలిబాన కదిలించరు అని అంత గట్టిగా చెప్పకండి సార్. అవసరం వస్తే ఎవరైనా కదిలిస్తారు. మేం లంబాడీలం. మా నానమ్మ ఘుగ్రి టోప్లి, అదే జుట్టుకి కట్టి చెంపల పక్కన వేలాడదీసే వెండి, మా నాన్న ఆపరేషన్‌కి పోయింది. డోర్నకల్ బజార్లో తూకానికి తీసుకున్నాడు. దాని మీద పనికి పైసా కట్టలేదు. అద్దాల ఫేటియా, అదే మా లంగా, మాత్రం మిగిలింది. ఒకాయన వచ్చి పాతది ఉంటే ఇవ్వమని రెండుసార్లు అడిగాడు. ఆ అంచులు కోసి బ్యాగులకి కుట్టి గోవాలో అమ్ముతారని తర్వాత తెలిసింది. మేం ఇవ్వలేదు.

గోదారి అక్కా, మీరు కొన్న గుడ్డ ముక్క గురించి ఎవరూ అడగట్లేదు. నాకు దాని గురించే తెలుసుకోవాలని ఉంది.

మిన్నెసోటా_మూర్తి
మా పిల్లల క్లాసులో సగం మంది మోంగ్ పిల్లలే. సెయింట్ పాల్‌లో వాళ్ళ జనాభా ఎక్కువ. 1975 తర్వాత లావోస్ నుంచి శరణార్థులుగా వచ్చినవాళ్ళు. చైనా ప్రభుత్వం మియావో అని ఒక్క పేరు కింద కలిపినవాళ్ళలో మోంగ్‌లు ఒక శాఖ. వాళ్ళ కొత్త సంవత్సరానికి వెళ్తే ఆడపిల్లల నడుం పట్టీకి వరసలు వరసలుగా నాణేలు, నడుస్తుంటే జల్లుజల్లుమంటాయి. ఒకప్పుడు ఫ్రెంచి ఇండోచైనా వెండి నాణేలు కుట్టేవాళ్ళు, ఇప్పుడు ఎక్కువగా అల్యూమినియం బిళ్ళలు.

ఆ కంటె ముందున్న తాళంకప్ప గురించి మా పక్కింటి మోంగ్ అమ్మమ్మ చెప్పింది. మనిషి ప్రాణం భయపడితే, జబ్బు చేస్తే ఒంట్లోంచి జారిపోతుందట. అందుకే పసిపిల్లల మెడలో వేస్తారు, ప్రాణానికి తాళం. మన పిల్లలకి మొలతాడు, మురుగులు వెయ్యమూ? అమ్మమ్మ మనవరాలి మెడలోది కూడా వెండి కాదు. అయినా ఆవిడ దాన్ని కళ్ళకద్దుకునే వేసింది.

వేపచెట్టు
మూర్తి గారూ, బాగుంది. కానీ కొట్టు ఆవిడ ప్రాణానికి తాళం అని చెప్పి అమ్మలేదు, వెండి అని అమ్మింది. నేను మళ్ళీ అక్కడికే వస్తా.

మిన్నెసోటా_మూర్తి
ఒప్పుకుంటా. ఆ విషయంలో మీదే పైచేయి.

ఇంకోటి చెప్పాలి. ఇక్కడి మోంగ్ బట్టలు చాలావరకు ఇప్పుడు చైనాలోనే తయారై వస్తున్నాయి. గుడ్డ మీద కుట్టుపని లాగే కనబడే అచ్చు, తేలిగ్గా ఉంటుంది, వాషింగ్ మెషీన్లో వెయ్యొచ్చు. పిల్లలకి అదే ఇష్టం. అమ్మమ్మకి మాత్రం ఆ అచ్చు చూస్తే దిగులు.

డాక్టరు_దారిలో
నేను చైనాలో ఎంబీబీఎస్ చదివా. నా దగ్గర ఇప్పటికీ 5 జావో, అంటే అర యువాన్ నోటు ఉంది, దాని మీద ఇద్దరు ఆడవాళ్ళు, ఒకరు మియావో, ఇంకొకరు జువాంగ్. నాలుగో సిరీస్ నోట్ల మీద ఇలా వేరువేరు జాతులవాళ్ళ ముఖాలు వేశారు. మా హాస్టల్లో ఉన్న మియావో అమ్మాయి జీన్స్ ప్యాంటులోనే తిరిగేది. "నోటు మీద ఉన్నట్టు ఎందుకు లేవు" అని అడిగితే తనకి కోపం వచ్చింది. "నువ్వు రోజూ పట్టుచీర కట్టుకుంటావా?" అంది. ఆ తర్వాత ఆ ప్రశ్న ఎవరినీ అడగలేదు.

గ్వాంగ్‌జౌ_గిరి
మంచి జవాబు ఇచ్చింది. చైనాలో ఎక్కువమంది అయిన హాన్‌లు కాక 55 జాతుల్ని ప్రభుత్వం గుర్తించింది. టీవీలో, పార్లమెంటు సమావేశాల్లో వాళ్ళెప్పుడూ పండగ బట్టల్లోనే కనబడతారు. మామూలు జనం వాళ్ళు రోజూ అలాగే ఉంటారనుకుంటారు. షీజియాంగ్‌లో అద్దెకిచ్చే బట్టలు చూశారుగా? తల మీద రేకు కిరీటం, ముఖానికి పూసల తెర. ఆ తెర ఆ ఊరి ఆడవాళ్ళ పాత వేషంలో ఉన్నది కాదు, ఫొటోల కోసం తగిలించింది.

గోదారి_గట్టు
మా అమ్మాయి కూడా అదే వేసుకుని ఫొటో దిగింది. ఇప్పుడు ఆ ఫొటో చూస్తే ఏదోలా ఉంది.

గ్వాంగ్‌జౌ_గిరి
దానికి బాధపడకండి అక్కా, పిల్ల సరదాపడింది. అసలుది చూడాలంటే చైనా పంచాంగం మూడో నెల పౌర్ణమికి షీదోంగ్ రండి. అక్కచెల్లెళ్ళ అన్నం పండగ అంటారు. రంగురంగుల జిగురు బియ్యం అన్నం వండి, ఆడపిల్లలు తమని అడగడానికి వచ్చిన అబ్బాయికి ముద్ద కట్టి ఇస్తారు. లోపల ఏం దాచారన్నదే జవాబు. రెండు పుల్లలుంటే ఇష్టం, మిరపకాయో వెల్లుల్లో ఉంటే దారి చూసుకోమని.

నేను వెళ్ళిన ఏడాది, నది గట్టు మీద ఒక తల్లి కూతురికి అలంకరణ చేస్తుంటే పక్కనే నించున్నా. పిల్లకి పదహారు ఉంటాయేమో. ముందు తలకి తువ్వాలు బిగించి చుట్టింది, కిరీటం అంచు గుచ్చుకోకుండా. మెడలో ఒకటి, రెండు, మూడు కంటెలు. మూడోది వేసేటప్పుడు పిల్ల మొహం చిట్లించింది, తల్లి చేయి అడ్డం పెట్టి చర్మం నొక్కుకోకుండా సర్దింది. వెండి బిళ్ళలు కుట్టిన చొక్కా వెనక ఒక బిళ్ళ ఊడితే పళ్ళతో దారం తెంపి అక్కడికక్కడే కుట్టేసింది. మొత్తం నిండు నగలైతే పది కిలోల దాకా తూగుతాయి. ఆ పిల్ల లేచి నాలుగడుగులు వేసేసరికి ఆ చప్పుడుకి తల్లి మొహం చూడాలి. ఆ రోజు కొత్త సంగతి ఒకటి తెలిసింది. తల్లి తన ఒంటి మీద ఒక్క నగ కూడా వేసుకోలేదు, ఉన్నదంతా కూతురికే.

చందన_బొమ్మ
ఇది చదువుతుంటే మా అమ్మ గుర్తొచ్చింది. ఇంక ఏమీ రాయలేను.

చిటికి_కట్టు
పోచంపల్లి నుంచి. మియావోల మాట కాదు గానీ, షిన్‌జియాంగ్‌లో ఉయ్‌గూర్ ఆడవాళ్ళు కట్టే అట్లస్ పట్టు ఎవరైనా చూశారా? హోతాన్ వైపు నేస్తారు. మేం చిటికి కట్టినట్టే పడుగు దారానికి కట్లు కట్టి అద్దకం చేసి నేస్తారు, అందుకే రంగుల అంచులు మసకగా నిప్పుసెగలా ఉంటాయి. మేం పేక దారానికి కూడా కడతాం, అదొక్కటే తేడా. మొదటిసారి ఫొటో చూసినప్పుడు మా మగ్గం మీదిదే అనుకున్నా.

తండా_టీచర్
గోదారి అక్కా, గుడ్డ ముక్క?

గోదారి_గట్టు
చెప్తున్నా తమ్ముడూ. నల్లగా, కొంచెం ఊదా మెరుపుతో ఉన్న గుడ్డ. దాని మీద ఎరుపు, నీలం దారంతో పెద్ద సీతాకోకచిలుక, దానికి మనిషి మొహం ఉంది. చుట్టూ పక్షులు. దారం ఎంత సన్నమంటే కుట్టు కనబడదు, రంగు పూసినట్టు మెరుస్తుంది. ఒక మూల అరిగిపోయింది. ఊరి చివర మెట్ల మీద కూర్చున్న ముసలావిడ ఇచ్చింది, 200 యువాన్లు. బేరం కూడా ఆడలేదు నేను. మురికిగా ఉందని ఇప్పుడే బకెట్లో సబ్బు నీళ్ళు కలిపాను, నానబెట్టి ఉతికాక ఫొటో పెడతా.

నీలిబాన
ఉతక్కండి! ఉతక్కండి! ఇంకా ముంచలేదుగా?

గోదారి_గట్టు
లేదు. మీ పోస్టు చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నా. ఏమైందండీ?

నీలిబాన
హమ్మయ్య. మీరు చెప్పినదాన్ని బట్టి అది షీదోంగ్ వైపు చీలిక దారం కుట్టు. ఒక పట్టు దారాన్ని గోటితో ఎనిమిదో అంతకన్నా ఎక్కువో పాయలుగా చీలుస్తారు. ఒక్కో పాయనీ మన శీకాయ లాంటి కాయ రసంలోంచి లాగుతారు, నూగు అణిగి నున్నగా మెరవడానికి. ఇక్కడ కీలకం ఏంటంటే, కాగితాన్ని బొమ్మ ఆకారంలో కత్తిరించి గుడ్డ మీద పెట్టి, దాని మీదుగా కుడతారు. ఆ కాగితం లోపలే ఉండిపోతుంది. నీళ్ళలో వేస్తే ఉబ్బి ముద్దయి, కుట్టంతా వదులైపోతుంది. రంగు కూడా దిగుతుంది, ఆ నలుపు నీలిమందుదే. పదేపదే బానలో ముంచి ఆరబెట్టి, చెక్క సుత్తితో కొడితే ఆ ఊదా మెరుపు వస్తుంది. దోంగ్‌లు అయితే కోడిగుడ్డు తెల్లసొన కూడా పూస్తారు.

ఇక మనిషి మొహం సీతాకోకచిలుక ఊరికే అలంకారం కాదు. ఆవిడ వాళ్ళ మూలపుటమ్మ. మేపుల్ చెట్టులోంచి పుట్టి, పన్నెండు గుడ్లు పెట్టింది. ఒక పక్షి వాటిని పొదిగింది. అందులోంచి మొదటి మనిషి, పులి, పాము, ఏనుగు, పిడుగు, అందరూ వచ్చారు. మీ గుడ్డ మీద చుట్టూ ఉన్న పక్షుల్లో ఒకటి ఆ పొదిగిన పక్షే కావచ్చు. రాత లేని జాతి వాళ్ళ పురాణాన్ని సూదితో రాసుకుంది.

కమ్మచ్చు
చివరి వాక్యం మాత్రం కొంచెం ఎక్కువైంది అన్నా. ప్రతి కుట్టూ పురాణం కాదు. మా దగ్గర కొన్నోళ్ళు నెమలి చూసి కథ అడుగుతారు. అందంగా ఉందని వేశాం, అంతే. వాళ్ళకీ అంత హక్కు ఉంటుంది.

నీలిబాన
నిజమే, ఆ వాక్యం వెనక్కి తీసుకుంటా. సీతాకోకచిలుక అమ్మ కథ మాత్రం పాటల్లో ఇప్పటికీ పాడేదే.

తండా_టీచర్
అక్కా, ఆవిడ ఏమైనా చెప్పిందా, అది దేనిదో?

గోదారి_గట్టు
భాష రాదు కదా. అయినా ఇప్పుడు గుర్తొస్తోంది. నేను ఇదేంటని చేత్తో అడిగితే, గుడ్డని వీపుకి ఆనించుకుని, కాస్త ముందుకి వంగి, రెండు చేతులూ వెనక్కి పెట్టి ఊగింది. అప్పుడు నాకు అర్థం కాలేదు, డాన్స్ చేస్తోందనుకుని నవ్వాను.

గ్వాంగ్‌జౌ_గిరి
బిడ్డను వీపున కట్టుకునే గుడ్డ అక్కా. తల్లో అమ్మమ్మో బిడ్డ కోసం కుడతారు, నెలలు పడుతుంది. మీది దాని మధ్య ముక్క అయి ఉంటుంది. ఆవిడ పిల్లల్ని మోసిందే కావచ్చు.

గోదారి_గట్టు
చదివి కాసేపు కూర్చుండిపోయాను. 200కి తీసుకొచ్చేశాను. కంటె గురించి గొడవ చేస్తూ దీన్ని బకెట్లో ముంచబోయాను. నేను కొనకుండా ఉండాల్సిందా తమ్ముడూ?

తండా_టీచర్
అలా అనను. ఆ పిల్లలు ఇప్పుడు ఏ గ్వాంగ్‌డాంగ్ ఫ్యాక్టరీలోనో ఉంటారు, ఆవిడకి ఆ డబ్బు దేనికి కావాల్సి వచ్చిందో మనకి తెలీదు. మా నానమ్మ వెండి కొన్నవాడు దాన్ని కరిగించాడు. మీరు కరిగించట్లేదు కదా. దేనిదో తెలుసుకున్నారు. మీ అమ్మాయికి ఇచ్చేటప్పుడు ఆవిడ ఊగి చూపించింది కూడా చెప్పండి.

వేపచెట్టు
కంటె సంగతి తేలింది కాబట్టి అడుగుతున్నా. ఈ గుడ్డని ఎలా దాచాలి? మా ఇంట్లో కూడా తాతమ్మ జరీ ఒకటుంది.

నీలిబాన
మడత పెట్టకండి, మడత దగ్గరే దారం తెగుతుంది. తెల్ల నూలు గుడ్డలో పరిచి గొట్టానికి చుట్టండి, కుట్టు పైవైపు ఉండాలి. కలరా ఉండలు తగలకూడదు, ఎండ తగలకూడదు. దుమ్ము ఉంటే మెత్తటి బ్రష్‌తో, గుడ్డ మీద పల్చటి వల పెట్టి నెమ్మదిగా. ఇస్త్రీ మాట తలుచుకోవద్దు.

గోదారి_గట్టు
అలాగే చేస్తా. ఇప్పుడే మా వారి భూతద్దం తెచ్చి ఆ అరిగిన మూల చూశాను. దారం ఊడిన చోట రెక్క అంచు కింద కాగితం కనబడుతోంది, పాత పుస్తకం పేజీలా పసుపుపచ్చగా. కత్తెర తిరిగిన వంపు కూడా తెలుస్తోంది. మా అమ్మాయిని పిలిచి చూపించా. బకెట్ నీళ్ళు మొక్కలకి పోయకుండా తూములో పారబోశాను, సబ్బు ఉంది కదా.